గోల్ కొట్టినోడు కాదు, బంతి వేసినోడు

ముందు ఒక వీడియో గురించి చెప్తాను. 1979 మే 30, మ్యూనిక్ ఒలింపిక్ స్టేడియం, యూరోపియన్ కప్ ఫైనల్. ఇప్పుడు మనం ఛాంపియన్స్ లీగ్ అంటున్నామే, దాని పాత పేరు అది. ఒకపక్క ఇంగ్లాండ్ నుంచి నాటింగ్‌హామ్ ఫారెస్ట్, ఇంకోపక్క స్వీడన్ నుంచి మాల్మో. ఫస్టాఫ్ అయిపోవస్తోంది, నిజం చెప్పాలంటే మ్యాచ్ చాలా చప్పగా ఉంది, మాల్మో వాళ్ళు మొత్తం వెనక్కి వెళ్ళి గోడ కట్టినట్టు నిలబడ్డారు. అప్పుడు ఎడమ గీత దగ్గర ఒకతని కాళ్ళ దగ్గరికి బంతి వచ్చింది. కాస్త బొద్దుగా ఉంటాడు, పొట్టి, చూస్తే ఇతను ఫైనల్ ఆడటానికి వచ్చాడా అనిపిస్తుంది. ఇద్దరు డిఫెండర్లు మీదకొచ్చారు. ఆ ఇద్దరినీ బయటి వైపు నుంచి దాటేసి, గ్రౌండ్ చివరి గీత దాకా వెళ్ళిపోయి, ఎడమ కాలితో బంతిని అలా ఎత్తి లోపలికి వేశాడు, అది గోలీ చేతులకి అందకుండా అతని మీదుగా వెళ్ళి అవతలి పోస్ట్ దగ్గర సరిగ్గా దిగింది. అక్కడికి ట్రెవర్ ఫ్రాన్సిస్ పరిగెత్తుకొచ్చి తలతో లోపలికి కొట్టాడు. 1-0. మ్యాచ్ అలాగే అయిపోయింది, కప్ ఫారెస్ట్‌ది.

ఫ్రాన్సిస్ బ్రిటన్‌లో మొదటి మిలియన్ పౌండ్ల ఆటగాడు, అదే ఏడాది ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్ నుంచి కొన్నారు, యూరోపియన్ మ్యాచ్‌లో ఫారెస్ట్‌కి ఆడటం అతనికి అదే మొదటిసారి. అందుకని మర్నాటి పేపర్ నుంచి ఇవాళ్టి యూట్యూబ్ వరకు ఆ గోల్ 'ఫ్రాన్సిస్ గోల్'. మేనేజర్ బ్రయాన్ క్లఫ్ కాబట్టి ఆ కప్ 'క్లఫ్ కప్'. బంతి వేసినతని పేరు జాన్ రాబర్ట్‌సన్. స్కాట్లాండ్ వాడు. అతని గురించి రాద్దామనే ఈ పోస్ట్, కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిక చేసుకుని చదవండి.

నాకు ఫుట్‌బాల్ పిచ్చి చిన్నప్పటి నుంచీ ఏం లేదు. మన ఇళ్ళల్లో అందరిలాగే క్రికెట్ మాత్రమే. 2011లో మాస్టర్స్ చేయడానికి నాటింగ్‌హామ్ వెళ్ళినప్పుడు కూడా మొదటి వారంలో వెతుక్కుంటూ వెళ్ళింది ట్రెంట్ బ్రిడ్జ్‌కే, 2007లో జహీర్ ఖాన్ బౌలింగ్‌తో మనవాళ్ళు టెస్ట్ గెలిచిన గ్రౌండ్ కదా అని. అక్కడికి వెళ్ళాక తెలిసింది, దానికి కూతవేటు దూరంలో, ట్రెంట్ నది ఒడ్డునే సిటీ గ్రౌండ్ ఉందని, అదే ఫారెస్ట్ వాళ్ళ స్టేడియం. ఆ తర్వాత ఒక చిన్న కిరాణా షాపులో సాయంత్రాలు పార్ట్‌టైం దొరికింది. ఆ షాపుకి రోజూ పేపర్ కోసం ఒక పెద్దాయన వచ్చేవాడు. నేను అలవాటు కొద్దీ 'సర్' అనేవాణ్ణి, ఆయనకి నచ్చేది కాదు, వద్దనేవాడు. ఆయన మాత్రం నన్ను 'డక్' అని పిలిచేవాడు, బాతు అని కాదు, ఆ ఊళ్ళో ముసలోళ్ళు అందరినీ అలాగే పిలుస్తారు, మనం 'నాన్నా' 'బాబూ' అన్నట్టు. మ్యూనిక్ ఫైనల్‌కి బస్సులో వెళ్ళొచ్చిన మనిషి ఆయన. నాకు ఫుట్‌బాల్ చూడటం నేర్పింది ఆయనే.

ఒకరోజు నేను గొప్పగా చెప్పాను, సిటీ సెంటర్‌లో క్లఫ్ విగ్రహం చూశాను, ఆయన గురించి నెట్‌లో చదివాను, ఒక లావుపాటి సోమరిపోతుని తీసుకుని యూరప్ ఛాంపియన్ చేశాడంట కదా అని. ఆయన మొహం మారిపోయింది. కోపం కాదు, బాధ. "ఆ లావుపాటి సోమరిపోతు లేకపోతే ఆ విగ్రహం కూడా లేదు డక్" అన్నాడు. ఆ మాట నా బుర్రలోంచి పోలేదు. ఇన్నేళ్ళు ఆ మ్యాచులు దొరికినన్ని చూశాక, చదివాక, నేను కూడా అదే అంటున్నాను.

జనం చెప్పే కథ ఏంటంటే, 1975 జనవరిలో క్లఫ్ ఫారెస్ట్‌కి వచ్చేసరికి టీం సెకండ్ డివిజన్‌లో ఈడుస్తోంది, అందులో రాబర్ట్‌సన్ అని ఒకడున్నాడు, సిగరెట్లు, వేపుళ్ళు, మాసిన బట్టలు, ఎవడికీ అక్కర్లేని కేసు, క్లఫ్ వచ్చి మట్టిలోంచి మాణిక్యాన్ని తీసినట్టు తీశాడు. దీనికి ఆధారం క్లఫ్ మాటలే. మొదట్లో అతన్ని చూస్తే ఫిట్‌నెస్ లేదు, ఆసక్తి లేదు, టైం వేస్ట్ అనిపించిందని ఆయనే చెప్పాడు. అతని పక్కన కూర్చుంటే నేనే సినిమా హీరోలా కనిపిస్తానని కూడా అన్నాడు. అయితే అదే మాటకి రెండో సగం ఉంది, బంతీ గజం గడ్డీ ఇస్తే చాలు, అతను మా ఆటకి పికాసో అన్నాడు. జనం మొదటి సగం గుర్తుపెట్టుకున్నారు ఎందుకంటే అది చెప్పుకోవడానికి బావుంటుంది.

అసలు సంగతి చూద్దాం. రాబర్ట్‌సన్ 1953 జనవరి 20న గ్లాస్గో పక్కన అడింగ్‌స్టన్‌లో పుట్టాడు. కుర్రాడిగా ఆడింది డ్రమ్‌చాపెల్ అమెచ్యూర్స్‌కి, అది మామూలు గల్లీ టీం కాదు, అలెక్స్ ఫెర్గూసన్, డేవిడ్ మోయెస్ లాంటి వాళ్ళు అందులోంచి వచ్చినవాళ్ళే. స్కూల్ లెవెల్‌లోనే స్కాట్లాండ్‌కి ఆడాడు. 1970లో పదిహేడేళ్ళకి ఫారెస్ట్ తీసుకుంది, అదే ఏడాది ఫస్ట్ టీంలో ఆడించింది. అంటే క్లఫ్ రావడానికి ఐదేళ్ళ ముందే ఈ కుర్రాడిలో ఏదో ఉందని గ్లాస్గోలో తెలుసు, నాటింగ్‌హామ్‌లోనూ తెలుసు. తెలియనిదల్లా అతన్ని ఎక్కడ ఆడించాలి అన్నదే. మిడ్‌ఫీల్డ్‌లో ఆడించారు, అక్కడ చుట్టూ పరుగులు, అతనికి పరుగు లేదు. టీం 1972లో కింది డివిజన్‌కి పడిపోయింది, మేనేజర్లు మారారు, చివరికి అమ్మేద్దామని ట్రాన్స్‌ఫర్ లిస్టులో పెట్టారు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, తనని వద్దనుకుంటున్న ఊళ్ళో ఒంటరిగా ఉంటున్నాడు, ఆసక్తి లేదంటే ఎక్కడి నుంచి వస్తుంది చెప్పండి.

క్లఫ్ చేసింది తక్కువ అని నేను అనట్లేదు. చాలా చేశాడు. అతన్ని ఎడమ అంచుకి పంపడం, నీ పని బంతి తీసుకుని లోపలికి వేయడం మాత్రమే, మిగతాది వేరేవాళ్ళు చూసుకుంటారు అని చెప్పి వదిలేయడం, ఇది చిన్న నిర్ణయం కాదు. 1976లో అసిస్టెంట్‌గా వచ్చిన పీటర్ టేలర్ ఇంకో పని చేశాడు, జర్మనీ టూర్‌లో రాబర్ట్‌సన్‌ని ట్రైనింగ్ మధ్యలోంచి పంపించేసి, తర్వాత కూర్చోబెట్టి నీ తిండి, నీ బతుకు, నీ బద్ధకం అన్నీ తప్పే, కానీ నీకు ఆట వచ్చు అని మొహం మీద చెప్పాడు. అదే నన్ను మార్చిందని రాబర్ట్‌సనే చెప్పుకున్నాడు. కాబట్టి ఒకవేళ మార్చిన క్రెడిట్ ఇవ్వాలన్నా సగం టేలర్‌కి పోవాలి, ఆయన పేరు కూడా ఈ కథలో చాలాసార్లు జారిపోతుంది.

నా పాయింట్ వేరే. మనకి అర్థమయ్యేట్టు చెప్తాను. 2001 కోల్‌కతా టెస్ట్ గుర్తుందిగా. మొదటి ఇన్నింగ్స్‌లో ఆరో నంబర్‌లో ఆడిన లక్ష్మణ్‌ని ఫాలో ఆన్‌లో మూడో నంబర్‌కి పంపారు. గొప్ప నిర్ణయం, దాని గురించి ఇప్పటికీ మాట్లాడుకుంటాం. కానీ ఆ 281 ఎవరిది అంటే ఒక్క తెలుగోడు కూడా 'పంపినవాళ్ళది' అనడు. మన హైదరాబాద్ లక్ష్మణ్ మణికట్టుది. వార్న్ లెగ్ స్టంప్ బయట గరుకులో వేసిన బంతిని ముందుకొచ్చి మిడ్‌వికెట్‌కి కొట్టమని ఏ కెప్టెన్ నేర్పగలడు? వికెట్ల మధ్య పరుగులో లక్ష్మణ్ కూడా చురుకైనవాడు కాదు, అయినా మనం అతని కథని ఆ లోపంతో మొదలుపెట్టం. రాబర్ట్‌సన్ విషయంలో మాత్రం ప్రపంచం మొదట లావు అంటుంది, తర్వాత క్లఫ్ అంటుంది, చివరికి టైం మిగిలితే ఆట గురించి చెప్తుంది. ఇది అన్యాయం అని నేను గట్టిగా అంటాను.

ఆట గురించి చెప్పాలి కాబట్టి చెప్తాను, ఎందుకంటే దీని గురించే ఎవరూ ఎక్కువ రాయరు. మామూలుగా వింగర్ అంటే స్పీడ్. బంతిని ముందుకి తోసి డిఫెండర్ కన్నా ముందు పరిగెత్తడం. రాబర్ట్‌సన్‌కి ఆ దారి లేదు. అతను ఏం చేస్తాడంటే, బంతి రాగానే ఆపేస్తాడు. పూర్తిగా. ఎదురుగా ఉన్న రైట్ బ్యాక్ కూడా ఆగాల్సి వస్తుంది, ఎందుకంటే ముందుకెళ్తే పక్కనుంచి జారిపోతాడు, వెనక్కెళ్తే క్రాస్ వేసేస్తాడు. ఇద్దరూ నిలబడిపోతారు. ఇప్పుడు స్పీడ్ లెక్కలోకే రాదు, ఇద్దరూ సున్నా దగ్గరే ఉన్నారు కదా. ఇక్కడ రాబర్ట్‌సన్ భుజం ఒక్కసారి లోపలికి వాలుస్తాడు, డిఫెండర్ బరువు ఆ కాలి మీదకి పోతుంది, అంతే, బంతి అటు నుంచి ఇటు అరగజం జరుగుతుంది. అతనికి కావాల్సింది ఆ అరగజమే. డిఫెండర్‌ని దాటాల్సిన పని కూడా లేదు, అతని కాలి పక్కనుంచి బంతిని తిప్పి పంపేస్తాడు. పైగా రెండు కాళ్ళూ ఆడతాయి, ఎడమ అంచున ఉండే మనిషికి కుడి కాలు కూడా అంతే బాగుంటే ఎదుటివాడు ఏ పక్క మూయాలి? పెద్దాయన ఒకసారి షాపు కౌంటర్ మీద రెండు నాణేలు పెట్టి నాకు ఇదంతా చూపించాడు, ఒకటి డిఫెండర్, ఒకటి రాబర్ట్‌సన్, అగ్గిపెట్టె బంతి. డిఫెండర్ నాణేన్ని ఆయన అసలు ముట్టుకోలేదు, అది నిలబడే ఓడిపోయింది.

ఇంకోటి, ఇది వింగర్ పని కూడా కాదు అసలు. ఆ టీంలో వెనక ఒత్తిడి పెరిగితే, గోలీ షిల్టన్ దగ్గర మొదలుపెట్టి బర్న్స్, మెక్‌గవర్న్ అందరూ చూసేది ఎడమ పక్కకే. అతనికిస్తే బంతి పోదు. పదిమంది ఊపిరి పీల్చుకోవడానికి టైం దొరుకుతుంది. కుడి అంచున ఆడే మార్టిన్ ఓనీల్ బంతి ఎప్పుడూ అటే పోతుందని సణిగేవాడంటారు, సణగడంలో న్యాయం ఉంది, కానీ బంతి అటు పోవడంలో ఇంకా ఎక్కువ న్యాయం ఉంది.

ఫిట్‌నెస్ లేదన్నారు కదా. 1976 డిసెంబర్ నుంచి 1980 డిసెంబర్ వరకు వరుసగా 243 మ్యాచులు ఆడాడు. ఒక్కటి కూడా మిస్ కాలేదు. నాలుగేళ్ళు, ఆ రోజుల బురద గ్రౌండ్ల మీద, వెనక నుంచి కాళ్ళ మీద పడే టాకిల్స్‌కి సరిగ్గా ఫౌల్ కూడా ఇవ్వని కాలంలో, ప్రతీ టీం తన రైట్ బ్యాక్‌కి 'ముందు అతన్ని కొట్టు' అని చెప్పి పంపే రోజుల్లో. పొట్ట కనిపిస్తుంది కాబట్టి ఫిట్ కాదు అనేవాళ్ళు ఈ నంబర్‌ని ఒకసారి పైకి చదవాలి. రెండు వందల నలభై మూడు.

ఆ నాలుగేళ్ళలోనే అన్నీ జరిగాయి. 1977లో మూడో స్థానంతో పై డివిజన్‌కి వచ్చిన ఫారెస్ట్, వచ్చిన మొదటి సీజన్‌లోనే లీగ్ గెలిచేసింది. 1978 లీగ్ కప్ ఫైనల్ లివర్‌పూల్‌తో డ్రా అయితే, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మళ్ళీ ఆడారు, మన ఫారెస్ట్ ఓహేర్‌ని లివర్‌పూల్ ఫిల్ థాంప్సన్ పడేస్తే పెనాల్టీ ఇచ్చారు, అది బాక్స్ బయటే అని లివర్‌పూల్ వాళ్ళు ఇప్పటికీ అంటారు, ఆ గొడవంతా జరుగుతుంటే నింపాదిగా నిలబడి, వెళ్ళి గోల్ కొట్టింది రాబర్ట్‌సనే. 1-0. లీగ్‌లో 42 మ్యాచులు వరసగా ఓడిపోకుండా ఆడారు. ఆ ఏడాది ఆటగాళ్ళ అవార్డు షిల్టన్‌కి, జర్నలిస్టుల అవార్డు కెన్నీ బర్న్స్‌కి వచ్చాయి, ఇద్దరూ అర్హులే, నేను కాదనను.

ఒక్క మ్యాచ్ గురించి మాత్రం ఆగి చెప్పాలి. 1979 సెమీఫైనల్, సిటీ గ్రౌండ్‌లో కొలోన్‌తో. ఆ మ్యాచ్‌కి కాస్త ముందే రాబర్ట్‌సన్ అన్నయ్య కారు ప్రమాదంలో చనిపోయాడు. ఆడను, ఇంటికెళ్తాను అన్నా ఎవరూ తప్పు పట్టరు. అతను ఆడాడు. మొదట్లోనే ఫారెస్ట్ 0-2 వెనకబడింది, గ్రౌండంతా బురద. తర్వాత బర్టిల్స్ ఒకటి, బోయర్ ఒకటి, అప్పుడు మూడోది రాబర్ట్‌సన్, అదీ తలతో, ముందుకి దూకి. జీవితంలో తలతో గోల్ కొట్టే రకం కాదు అతను. మ్యాచ్ 3-3 అయింది, తర్వాత జర్మనీ వెళ్ళి 1-0తో గెలిచి ఫైనల్‌కి వెళ్ళారు. ఈ మ్యాచ్ గురించి చెప్తూ పెద్దాయన ఆగిపోయాడు, లెక్క చూసుకోకుండా చిల్లర జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. ఆసక్తి లేని మనిషి అనే మాట నాకు ఆ రోజు నుంచి అస్సలు పడదు.

మరుసటి ఏడాది, 1980 మే 28, మాడ్రిడ్‌లో బెర్నబావు. ఎదురుగా హాంబర్గ్, అందులో కెవిన్ కీగన్. రాబర్ట్‌సన్‌ని మార్క్ చేసేది మాన్‌ఫ్రెడ్ కాల్ట్జ్, ఆ రోజుల్లో యూరప్‌లోనే పేరున్న రైట్ బ్యాక్. ఫారెస్ట్‌కి ఫ్రాన్సిస్ లేడు, గాయం. సబ్‌స్టిట్యూట్లు ఐదుగురు ఉండాల్సిన చోట నలుగురే ఉన్నారు. దాదాపు ఇరవయ్యో నిమిషం, ఎడమ పక్క నుంచి లోపలికి కోసుకుంటూ వచ్చాడు, బర్టిల్స్‌కి ఇచ్చి మళ్ళీ తీసుకున్నాడు, కుడి కాలితో, అవును కుడి కాలితో, నేల మీదుగా కొట్టాడు, బంతి పోస్ట్ లోపలి అంచుకి తగిలి వెళ్ళిపోయింది. 1-0. మిగతా డెబ్భై నిమిషాలు హాంబర్గ్ దాడి చేస్తూనే ఉంది, షిల్టన్ ఆపుతూనే ఉన్నాడు.

రెండు ఫైనళ్ళు, మొత్తం రెండు గోల్స్, ఒకటి అతను వేసింది, ఒకటి అతను కొట్టింది. ఎడమ కాలితో ఒకటి, కుడి కాలితో ఒకటి. ఫారెస్ట్ చరిత్రలో యూరోపియన్ కప్పులు ఆ రెండే. ఆ రెండు కప్పుల్లోంచి ఏ ఒక్క మనిషిని తీసేస్తే రెండూ పోతాయి అని అడిగితే, క్లఫ్ అని చెప్పేవాళ్ళతో నేను గొడవపడను, కానీ రాబర్ట్‌సన్ పేరు అదే ఊపిరిలో చెప్పకపోతే మాత్రం ఒప్పుకోను.

స్కాట్లాండ్‌కి ఆడింది 28 మ్యాచులే, 8 గోల్స్. 1978 వరల్డ్ కప్‌లో ఇరాన్‌తో 1-1 అయిన ఆ చేదు మ్యాచ్‌లో ఉన్నాడు. 1981 మేలో వెంబ్లీలో ఇంగ్లాండ్‌ని వాళ్ళ సొంత గడ్డ మీద 1-0తో ఓడించినప్పుడు ఆ ఒక్క గోల్ ఇతని పెనాల్టీయే, స్కాట్లాండ్ వాడికి అంతకన్నా ఏం కావాలి. 1982 వరల్డ్ కప్‌లో మలగాలో న్యూజిలాండ్ మీద 5-2 గెలుపులో ఒక ఫ్రీకిక్ గోల్ ఉంది. అంతే. డాల్గ్లిష్ 102 మ్యాచులు ఆడిన దేశంలో ఇతనికి 28 అంటే నాకు మింగుడుపడదు.

ఇక నా వాదనకి ఎదురొచ్చే విషయం ఒకటుంది, దాన్ని దాటేసి పోతే తప్పవుతుంది. 1983లో రాబర్ట్‌సన్ డెర్బీ కౌంటీ క్లబ్‌కి వెళ్ళాడు. అప్పటికి టేలర్ క్లఫ్ నుంచి విడిపోయి డెర్బీ మేనేజర్‌గా ఉన్నాడు. క్లఫ్ ఏదో చారిటీ నడకలో ఉన్న టైంలో, ఒక్క మాట కూడా చెప్పకుండా టేలర్ ఇతన్ని సైన్ చేసుకున్నాడు, రేటు తేలకపోతే ట్రిబ్యునల్ 135,000 పౌండ్లని తేల్చింది. ఆ తర్వాత క్లఫ్ టేలర్‌తో మాట్లాడలేదు. 1990లో టేలర్ చనిపోయేదాకా మాట్లాడలేదు. డెర్బీలో రాబర్ట్‌సన్ ఆట ఆడలేదు, మోకాలి గాయం, టీం ఆ సీజన్‌లోనే థర్డ్ డివిజన్‌కి పడిపోయింది. 1985లో మళ్ళీ ఫారెస్ట్‌కి వచ్చాడు కానీ పాత మనిషి రాలేదు. చూశారా, క్లఫ్ లేకపోతే అతను ఏం కాదు అంటారు. నేనేమంటానంటే, ముప్పై ఏళ్ళు, పాడైన మోకాలు, మునిగిపోతున్న టీం, ఇందులో మేనేజర్ వాటా ఎంతో ఎవరు తూచగలరు? అదీకాక, ఇతను కథలో పక్క పాత్రే అయితే, అన్నదమ్ముల్లా ఉన్న ఇద్దరు మనుషులు ఇతని సంతకం దగ్గర ఎందుకు విరిగిపోయారు? చెప్పకుండా చేయడమే అసలు దెబ్బ అని నాకూ తెలుసు. కానీ వేరే ఎవరిని తీసుకెళ్ళినా అంత లోతుగా తగిలేదని నేననుకోను.

రాబర్ట్‌సన్ అయితే ఎప్పుడూ అంతా వాళ్ళిద్దరి దయే అనే చెప్పాడు. క్లఫ్‌కీ టేలర్‌కీ ఎంతో రుణపడ్డానన్నాడు. ఇది అతని మంచితనం, నేను దండం పెడతాను, కానీ మంచివాడు తన వాటా వదులుకున్నంత మాత్రాన మనం దాన్ని వేరేవాళ్ళకి రాసిచ్చేయక్కర్లేదు. తర్వాత కూడా అలాగే బతికాడు, ఆ సణిగిన ఓనీల్ మేనేజర్ అయ్యాక అతని పక్కన కూర్చున్నాడు, వైకంబ్, నార్విచ్, లెస్టర్, సెల్టిక్, ఆస్టన్ విల్లా, ఎక్కడికెళ్తే అక్కడ. లెస్టర్‌తో రెండు లీగ్ కప్పులు, సెల్టిక్‌తో 2001లో మూడు ట్రోఫీలు, 2003లో సెవిల్‌లో యూఈఎఫ్ఏ కప్ ఫైనల్ దాకా. ఫొటోల్లో ఎప్పుడూ ముందు ఓనీల్ ఉంటాడు, ఇతను కాస్త వెనక.

2015లో నాటింగ్‌హామ్ పేపర్ ఒకటి ఫారెస్ట్ ఆటగాళ్ళలో అందరికన్నా ఇష్టమైనవాడు ఎవరని పాఠకులని అడిగితే మొదటి పేరు రాబర్ట్‌సన్ వచ్చింది. అప్పటికి నేను ఇండియా వచ్చేశాను, ఆ వార్త చదివి పెద్దాయన కచ్చితంగా ఓటేసి ఉంటాడు అనుకున్నాను.

నాటింగ్‌హామ్‌లో నా ఆఖరి వారంలో ఒక సాయంత్రం షాపులో ఎవరూ లేరు, నా ఫోన్‌లో మ్యూనిక్ వీడియో పెట్టి ఆయనకి చూపించాను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని ఫోన్ దగ్గరికి వంగాడు. బంతి ఎడమ పక్కకి వచ్చింది, ఇద్దరు మీదకొచ్చారు, బయటి నుంచి దాటాడు, చివరి గీత, ఎడమ కాలు లేచింది. "ఇక్కడ ఆపు డక్" అన్నాడు. ఆపాను. బంతి ఇంకా గాల్లోకి లేవలేదు, ఫ్రాన్సిస్ ఫ్రేమ్‌లోనే లేడు. ఆయన చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత ప్లే చేయబోతే చెయ్యి అడ్డం పెట్టి, "వద్దులే, మిగతాది నాకు తెలుసు" అని పేపర్ తీసుకుని వెళ్ళిపోయాడు.